చెయ్యి చాచి బంతి అడగడం

ప్రశ్న: మా అబ్బాయి ఫోనులో అమెరికా బేస్‌బాల్ చూస్తుంటాడు. జట్టును నడిపించే మేనేజర్ అరవై దాటినా ఆటగాళ్ల దుస్తుల్లోనే ఉంటారు. బాగా విసురుతున్న పిచర్ దగ్గరికి నడిచి వెళ్లి, బంతి తీసుకుని పంపేస్తారు. అంతమందిలో అది అవమానం కాదా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: అమ్మా, ముందు దుస్తుల సంగతి. తొలిరోజుల్లో చాలామంది ఆడుతూనే జట్టును నడిపేవారు. ఆ అలవాటు అలాగే నిలిచింది. 1975లో ఫ్రాంక్ రాబిన్సన్ క్లీవ్‌లాండ్ జట్టు మేనేజర్‌గా తొలి మ్యాచ్‌లో తానే బ్యాటు పట్టి, మొదటిసారికే మన సిక్సర్ లాంటి హోమ్ రన్ కొట్టారు. అమెరికా బేస్‌బాల్‌లో పైస్థాయి అయిన మేజర్ లీగుల్లో తొలి నల్లజాతి మేనేజర్ ఆయనే.

ఇక అసలు ప్రశ్న. క్రికెట్‌లో బౌలర్‌ని మార్చినా అతడు మైదానంలోనే ఉంటాడు, మళ్లీ బంతి అందుకుంటాడు. బేస్‌బాల్‌లో ఒకసారి డగౌట్‌కు, అంటే జట్టు కూర్చునే చోటికి, పంపేస్తే ఆ మ్యాచ్‌లో మళ్లీ దిగనివ్వరు. 2020లో టైటిల్ తేల్చే వరల్డ్ సిరీస్ ఆరో మ్యాచ్‌లో టాంపా బే జట్టు డాడ్జర్స్ జట్టు మీద 1-0తో ముందుంది. దాని పిచర్ బ్లేక్ స్నెల్ విసిరినవి 73 బంతులే. ఆరో ఇన్నింగ్స్‌లో రెండో హిట్ (బ్యాటర్ బంతి కొట్టి బేస్ చేరడం) ఇవ్వగానే మేనేజర్ కెవిన్ క్యాష్ వచ్చి మార్చేశారు. డాడ్జర్స్ 3-1తో గెలిచి టైటిల్ పట్టుకుపోయారు. ఆ నిర్ణయం తప్పనే నేను ఇప్పటికీ అంటాను. కానీ నడిచి వచ్చి ఎదురుగా నిలబడి చెప్పడం మాత్రం తప్పు కాదు.

తిరుపతిలో ఏళ్ల తరబడి ఆడపిల్లలకు బేస్‌బాల్ లాంటిదే అయిన సాఫ్ట్‌బాల్ నేర్పాను. మాకు డగౌట్ అంటే వేపచెట్టు కింద ఒక చెక్కబల్ల. ఒకసారి బాగా ఆడుతున్న పిచర్‌ని ఆ బల్ల మీద నుంచే చేతితో సైగ చేసి పిలిచేశాను. ఆ పిల్ల తువ్వాలులో ముఖం దాచుకుంది. ఇల్లు చేరేదాకా నాతో మాట్లాడలేదు. అవమానమంటే అది, అమ్మా. చేసింది నేను.

తరువాతి మ్యాచ్‌లో తన దగ్గరికి నడిచి వెళ్లాను. "ఇంకొక్కరిని అవుట్ చేస్తాను సార్" అంది. భుజం నొప్పిగా ఉందని నాకు తెలుసు, అదే చెప్పి చెయ్యి చాచాను. కొంచెంసేపు బంతిని వేళ్లతో తిప్పింది. తరువాత నా అరచేతిలో పెట్టింది. చెమటతో తడిసి ఉంది, కుట్ల మధ్య ఎర్రమట్టి.

బల్ల మీద నా పక్కనే కూర్చుని నీళ్లు తాగింది. రెండు బంతులు చూసి, "ఆ పొడుగు అమ్మాయి కింది బంతి కొట్టలేకపోతోంది సార్, చెప్పండి" అంది. నేను లేచి కొత్త పిచర్‌కు అదే చెప్పాను.