సైకిల్ సందేహాలు: టైరు రిమ్మును వదలనంటే

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ట్యూబ్‌లెస్ టైర్ల గురించే. అన్నిటిలోనూ బాధ ఒక్కటే కాబట్టి మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి వీటికే చోటిస్తున్నాను.

ప్రశ్న: నా గ్రావెల్ సైకిల్‌కి 700 సైజు ట్యూబ్‌లెస్ టైర్లున్నాయి. వెనక టైరు అరిగింది, మార్చుదామని కూర్చున్నాను. గాలంతా తీసేసినా టైరు ఎత్తే లీవరు దూర్చడానికి సందు దొరకలేదు. ఎలాగో దూర్చి పైకెత్తితే లీవరు విరిగింది. రెండోదీ అంతే. స్క్రూడ్రైవర్‌తో ఎత్తమని స్నేహితులు అంటున్నారు. ఎత్తొచ్చా సార్?

జవాబు: వద్దండీ. స్క్రూడ్రైవర్ మొన ముందుగా రిమ్ము లోపల అంటించిన టేపును చీలుస్తుంది. అక్కడి నుంచి స్పోకుల రంధ్రాల్లోకి గాలి కారుతూనే ఉంటుంది. రిమ్ము అల్యూమినియందైతే అంచు సొట్టపోతుంది, కార్బన్‌దైతే పగిలే ప్రమాదం ఉంది.

మీ లీవర్లు విరిగింది మీకు బలం చాలక కాదు. మీరు ఎత్తుతున్నప్పుడు బీడ్, అంటే రిమ్ములో కూర్చునే టైరు అంచు, ఉండకూడని చోట ఉంది. ఈ ఒక్క సంగతి అర్థమైతే ఇక లీవర్లు విరగవు, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

బీడ్ లోపల స్టీలు తీగ గానీ అరామిడ్ దారం గానీ ఉంటుంది. అది సాగదు. సాగితే గాలి ఒత్తిడికి టైరు రిమ్ము దాటి బయటికి వచ్చేస్తుంది. 700 రిమ్ములో బీడ్ కూర్చునే అరుగు దగ్గర వ్యాసం 622 మి.మీ. రిమ్ము బయటి అంచు వ్యాసం అంతకంటే ఎక్కువ. మరి సాగని వలయం తనకంటే పెద్ద అంచును దాటాలంటే ఎలా? ఇరుకు గాజు తీసేటప్పుడు మనం చెయ్యి ముడుచుకుంటాం గానీ గాజును సాగదీయం కదా. రిమ్ములో అలా ముడుచుకునే చోటు నడిమధ్యనున్న లోతు గాడి. బీడ్ ఒకవైపు ఆ గాడిలోకి జారితే, జారినంత మేరా ఎదుటి వైపు వదులు దొరుకుతుంది. గాడి అరుగు కంటే 3 మి.మీ. లోతుగా ఉందనుకోండి, అరుగు చుట్టుకొలతకీ గాడి చుట్టుకొలతకీ దాదాపు 19 మి.మీ. తేడా. ఆ కాస్త వదులుతోనే టైరు ఊడాలి.

ట్యూబ్ టైర్లలోనూ సూత్రం ఇదే. కాకపోతే చాలా ట్యూబ్‌లెస్ రిమ్ముల్లో అరుగుకీ గాడికీ మధ్య చిన్న గట్టు ఉంటుంది. గాలి తగ్గినా బీడ్ జారిపోకుండా అది ఆపుతుంది. కొత్త టైరుకి గాలి కొట్టేటప్పుడు టప్ టప్‌మని వినిపించేది బీడ్ ఆ గట్టు దాటి అరుగు మీదికి ఎక్కే చప్పుడే. ఇప్పుడు దాన్ని వెనక్కి దాటించాలి. ఇది లీవరుతో అయ్యే పని కాదు, చేత్తో తోయాలి.

చక్రం తీసి, వాల్వు కింది భాగంలో లేకుండా చూసుకోండి. సీలెంటు, అంటే చిన్న రంధ్రాలను మూయడానికి టైరులో పోసే ద్రవం, అడుగుకి చేరుతుంది కాబట్టి వాల్వు అక్కడుంటే గాలితో పాటు అదీ చిమ్ముతుంది. గాలి తీశాక వాల్వు లోపలుండే కోర్ కూడా విప్పేయండి. రెండు బొటనవేళ్లతో టైరు పక్కగోడను రిమ్ము మధ్యలోకి నెట్టండి. ఒకచోట కదలకపోతే జానెడు పక్కకి జరిగి చూడండి. ఎక్కడో ఒకచోట ముందు వదులుతుంది, అక్కడి నుంచి మిగతాది తేలిగ్గా వస్తుంది. చక్రాన్ని తిప్పి రెండో వైపు కూడా ఇలాగే విడిపించండి.

ఇప్పుడు వాల్వు పైకి వచ్చేలా చక్రాన్ని నిలబెట్టండి. అడుగు నుంచి మొదలుపెట్టి రెండు చేతులతో టైరును నొక్కుతూ, బీడ్లను గాడిలోకి దింపుతూ పైకి రండి. దొరికిన వదులంతా వాల్వు దగ్గరికి చేరుతుంది. లీవరు పెట్టాల్సింది అక్కడే. వాల్వు మొదలు గాడిని ఆక్రమించి ఉంటుంది కాబట్టి బీడ్ అక్కడ ఎలాగూ కిందికి దిగదు. అందుకని దిగగలిగిన చోటంతా దింపి, దిగని చోట ఎత్తుతాం. లీవరు కొస బీడ్ కిందికి అందితే చాలు, లోపలికి పొడవొద్దు. రెండో లీవరు మొదటిదానికి రెండంగుళాల దూరంలోనే పెట్టండి. దూరంగా పెట్టి ఒక్కసారే ఎక్కువ ఎత్తాలని చూస్తే లీవరు విరుగుతుంది.

బిగువు తగిలిందంటే ఆపేయండి. మీరు పైన కుస్తీ పడుతుంటే అడుగున బీడ్ మళ్లీ గాడిలోంచి ఎక్కేసి ఉంటుంది. కిందికి వెళ్లి మళ్లీ నొక్కుతూ రండి. నా పనిబల్ల దగ్గర ఎప్పుడూ రెండు పట్టీలు ఉంటాయి. అడుగున టైరునీ రిమ్మునీ కలిపి వాటితో బిగించి కట్టేస్తే బీడ్ పైకి రాదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

ప్రశ్న: నాకు కీళ్లనొప్పులున్నాయి, వేళ్లలో పట్టు లేదు. సీలెంటు ఎండిపోయి బీడ్ రిమ్ముకి అతుక్కుపోయింది. ఇంకొకరి మీద ఆధారపడకుండా నా సైకిల్ పని నేనే చేసుకోవాలని ఉంది. దారేమైనా ఉందా?

జవాబు: ఉందమ్మా. వేళ్లకు బదులు పాదం వాడండి. రెండు చెక్క దిమ్మలు పెట్టి వాటి మీద చక్రాన్ని పడుకోబెట్టండి. హబ్బు, బ్రేకు డిస్కు నేలకి ఆనకుండా మధ్యలో ఖాళీ ఉండాలి. దిమ్మకి సరిగ్గా పైన, రిమ్ము అంచును ఆనుకుని ఉన్న టైరు భాగం మీద మెత్తటి బూటు మడమతో మెల్లగా బరువు వేయండి. స్పోకుల మీద, రిమ్ము మీద కాలు పడకూడదు. గోడనో కుర్చీనో పట్టుకుని నిలబడండి.

కాలితో కష్టమైతే వడ్రంగులు వాడే క్లాంపు తీసుకోండి. టైరుకి అటూ ఇటూ, రిమ్ము అంచు పక్కనే చిన్న చెక్కముక్కలు పెట్టి క్లాంపు తిప్పుతూ పోతే రెండు పక్కగోడలూ లోపలికి నొక్కుకుని బీడ్ వదిలేస్తుంది. ఈ పనికే చేసిన ప్లయర్లు కూడా దొరుకుతాయి. మీలాంటివారికి అవి కొనదగ్గ వస్తువే.

వీటికి ముందు గోరువెచ్చటి సబ్బునీళ్లు బీడ్‌కీ రిమ్ముకీ మధ్య బ్రష్షుతో చుట్టూ రాసి కాసేపు వదిలేయండి. సీలెంటులోని లేటెక్స్ ఎండితే సబ్బునీళ్లకి కరగదు గానీ, ఒక్కచోట ఊడితే చాలు, నీళ్లు అందులోంచి లోపలికి పాకి మిగతా బీడ్ జారడానికి సాయపడతాయి.

ప్రశ్న: సబ్బునీళ్లకు బదులు తుప్పు వదిలించే స్ప్రే కొట్టొచ్చా?

జవాబు: వద్దు. పెట్రోలియం నూనెలు రబ్బరును పాడుచేస్తాయి, టేపు జిగురు వదిలేస్తుంది. తుంపర డిస్కు మీద పడితే బ్రేకు పట్టదు.

ప్రశ్న: నా రెండు రిమ్ములూ ఒకే మోడల్, టైర్లూ ఒకే మోడల్. ముందు టైరు చేత్తోనే వచ్చేసింది. వెనకది ప్రాణం తీస్తోంది. ఎందుకిలా?

జవాబు: మొదట వెనక చక్రం టేపు చూడండి. వెనక చక్రానికి రెండు మూడు చుట్లు వేసి ఉంటారని నా అనుమానం. 0.2 మి.మీ. మందం టేపు ఒక్క చుట్టు ఎక్కువైనా చుట్టుకొలత 1.25 మి.మీ. పైగా పెరుగుతుంది. బిగువు టైరుకి ఆ తేడా బాగా తెలుస్తుంది. అంతకంటే పెద్ద తప్పు ఇంకొకటి జరుగుతుంటుంది. టేపును గాడి అడుగుదాకా అంటించకుండా పైనుంచి వంతెనలా లాగేస్తారు. ఇక గాడి ఉన్నా లేనట్టే, బీడ్‌కి దిగే చోటే ఉండదు.

టైరు తీశాక పాత టేపంతా పీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో రిమ్ము తుడవండి. రిమ్ము లోపలి వెడల్పు కంటే రెండు మూడు మి.మీ. ఎక్కువ ఉన్న టేపు తీసుకుని, లాగిపట్టి, గుడ్డతో గాడి అడుగుదాకా ఒత్తుతూ ఒక్క చుట్టు వేయండి. వాల్వు దగ్గర మాత్రం నాలుగంగుళాల మేర ఒకదాని మీద ఒకటి రావాలి.

టేపు సరిగ్గానే ఉంటే తయారీలో తేడా కావచ్చు. రిమ్ముకీ టైరుకీ కొలతల్లో కాస్త అటూఇటూ మినహాయింపు ఉంటుంది. పెద్దవైపున్న రిమ్ముకి చిన్నవైపున్న టైరు పడితే పట్టు గట్టిగా ఉంటుంది. 1999లో మావిక్, హచిన్‌సన్, మిషెలిన్ కలిసి మౌంటెన్ బైకుల కోసం యూఎస్‌టీ అనే ట్యూబ్‌లెస్ పద్ధతి తెచ్చింది రిమ్మూ టైరూ ఒకే లెక్కలో ఉండాలనే.

ప్రశ్న: దూర ప్రయాణానికి వెళ్తున్నాను. దారిలో పంక్చరైతే ఈ టైరు ఊడదీయగలనా అని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందుగా ఇంట్లో ఒకసారి ఊడదీసి చూడండి. దారిలో మోసుకెళ్లే లీవర్లతోనే చేయాలి, వేరేవాటితో కాదు. అలా రాకపోతే ఆ టైరుతో వెళ్లొద్దని నా గట్టి సలహా. వేరే టైరు వేసుకోండి.

దారిలో రంధ్రం పడితే టైరు ఊడదీయకుండా ముందు ఆ రంధ్రాన్ని మూసే ప్లగ్గు దూర్చండి, చాలాసార్లు దానితోనే సరిపోతుంది. సరిపోకపోతే ఇక ట్యూబే గతి. ట్యూబ్ పెట్టేముందు టైరు లోపలంతా తడిమి చూడాలి, ఇది మరవొద్దు. సీలెంటు ఇన్నాళ్లూ మీకు తెలియకుండానే ముళ్లను మూసేస్తూ వచ్చింది, వాటి మొనలు లోపల అలాగే ఉంటాయి. ఒక్కటి మిగిలినా కొత్త ట్యూబ్ పోతుంది. వట్టి వేళ్లతో కాకుండా గుడ్డతో తడమండి, ముల్లున్న చోట పోగు తగులుకుంటుంది. ట్యూబ్‌కి కొంచెం గాలి కొట్టి లోపల పెట్టి, టైరు ఎక్కించడం వాల్వు దగ్గర ముగించండి.

ట్యూబ్ పెట్టాలంటే ట్యూబ్‌లెస్ వాల్వు బయటికి రావాలి కదా. దాని నట్టును ఎవరైనా ప్లయరుతో బిగించి ఉంటే దారిలో వేళ్లతో విప్పలేరు. బయలుదేరే ముందే ఒకసారి వదులు చేసి, చేత్తో బిగించి పెట్టుకోండి.