పరగడుపున వాకింగ్, రన్నింగ్ చేస్తే ఎముకలు బలహీనపడతాయా?

అరగంట, ముప్పావుగంట నడకకైతే బెంగ అక్కర్లేదు. పరగడుపున నడిచినా, ఇడ్లీ తిని నడిచినా ఎముకకు చెప్పుకోదగ్గ తేడా రాదు. చిక్కంతా గంట దాటిన పరుగుతోనూ, పరుగయ్యాక కూడా పస్తుండే అలవాటుతోనూ.

ఎముక ఒకపక్క కరుగుతూ, ఇంకోపక్క కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. రాత్రంతా కడుపు ఖాళీగా ఉంటే కరగడం పెరుగుతుంది. తినగానే పేగుల్లో ఊరే హార్మోన్లు దాన్ని తగ్గిస్తాయి. ఎముక ఎంత కరుగుతోందో చెప్పే సీటీఎక్స్ రక్తపరీక్షను పరగడుపునే చేయించుకోమనేది ఇందుకే. టిఫిన్ చేసి వెళ్తే అంకె తగ్గిపోతుంది. ఇంతమాత్రానికే పరగడుపు వ్యాయామం ఎముకల్ని గుల్ల చేస్తుందని వీడియోలు పెట్టి జనాన్ని బెదరగొట్టడం అన్యాయం. గంటసేపు పరుగెత్తించి చూస్తే, తిన్నవాళ్లకూ తిననివాళ్లకూ మొదట్లో ఉన్న తేడా ఆ తర్వాత పెద్దగా మిగల్లేదు.

గంటన్నర, రెండు గంటలు గట్టిగా పరుగెత్తినా, సైకిల్ తొక్కినా లెక్క వేరు. రక్తంలో కాల్షియం తగ్గుతుంది, కొంత చెమటలోనూ పోతుంది. అప్పుడు పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి ఆ లోటును ఎముకలోంచి పూడుస్తుంది. సైక్లిస్టులకు రెండు గంటల ముందు 1,350 మి.గ్రా. కాల్షియం ఉన్న పాల పదార్థాల భోజనం పెడితే ఈ పెరుగుదల తగ్గింది. కానీ అది లీటరు పాలకు పైమాటే, తెల్లవారుజామున ఎవరికి కుదురుతుంది? లేవగానే ఒక అరటిపండు తినండి. గంట దాటే పరుగైతే అర లీటరు నీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల పంచదార, చిటికెడు ఉప్పు, నిమ్మరసం కలిపి దారిలో కొద్దికొద్దిగా తాగండి. వచ్చిన గంటలోపు రెండు గుడ్లతో టిఫిన్, ఒక గ్లాసు పాలు. రాగిజావ మంచిదే, కానీ 30 గ్రాముల పిండిలో కాల్షియం సుమారు 100 మి.గ్రా. మాత్రమే. పెద్దవాళ్లకు రోజుకు 1,000 కావాలి.

హాఫ్ మారథాన్‌కి తయారయ్యేవాళ్ల ఆదివారం చూడండి. శనివారం రాత్రి ఏడింటికి రెండు పుల్కాలు, పొద్దున ఐదింటికి బ్లాక్ కాఫీ, 18 కిలోమీటర్ల పరుగు, ఫాస్టింగ్ పేరుతో మధ్యాహ్నం పన్నెండింటికి మొదటి ముద్ద. మొత్తం పదిహేడు గంటలు! పైగా ఆ ఒక్కపూటలో రోజు మొత్తానికి సరిపడా తినలేరు. ఒంట్లోని కొవ్వు బరువు తీసేస్తే 40 కిలోలుండే మహిళకు వ్యాయామ ఖర్చు పోగా కనీసం 1,200 కేలరీలు మిగలాలి. పరుగులో 900 ఖర్చయితే ఆ రోజు 2,100 తినాలన్నమాట. ఇంతకంటే బాగా తగ్గితే ఐదు రోజుల్లోనే ఎముక కట్టుకోవడం మందగిస్తుంది. నెలసరి తప్పుతుంటే దాన్ని ఫిట్‌నెస్ గుర్తుగా చెప్పే ట్రైనర్లను నమ్మకండి, డాక్టరును కలవండి.

ఇంకోమాట. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు అది వేసుకోగానే పాలు తాగేసి నడకకు పోతుంటారు. మాత్ర సరిగా ఒంటబట్టదు. మాత్ర, నడక, ఆ తర్వాత టిఫిన్, ఈ వరసే మంచిది. కాల్షియం మాత్రకైతే నాలుగు గంటల ఎడం ఉండాలి. షుగరుకు ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వాడేవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా పరగడుపున వ్యాయామం చేయొద్దు.

పిక్క ముందు ఎముక మీద వేలితో నొక్కితే ఒకేచోట కలుక్కుమంటుంటే పరుగు ఆపేయండి. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే ఒత్తిడికి ఎముకలో వచ్చే సన్నటి పగులు) అయితే మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, ఎంఆర్‌ఐలో తెలుస్తుంది.