సంగీత ప్రచారమా, సంగీతంతో ప్రచారమా?

సందేహం: యుద్ధకాలంలో సైనికుల మనసులను మార్చడానికి పాటలను, రేడియోను వాడుకున్న తీరుపై వ్యాసం రాస్తున్నాను. ‘సంగీత ప్రచారం’ అని శీర్షిక పెడితే సంగీతానికి ఆదరణ పెంచడం అనుకుంటారని ఒక మిత్రుడు అన్నారు. ‘దుష్ప్రచారం’ అనమని మరొకరి సలహా. ‘మానసిక యుద్ధం’ అంటే సరిపోతుందా?

సమాధానం: మీ మొదటి మిత్రుడి మాట నిజం. ‘సంగీత ప్రచారం’ అనే సమాసాన్ని రెండు విధాలుగా విడదీయవచ్చు. సంగీతం యొక్క ప్రచారం అంటే షష్ఠీ తత్పురుషం, సంగీతం చేత ప్రచారం అంటే తృతీయా తత్పురుషం. వ్యాకరణం రెండింటినీ ఒప్పుకుంటుంది. అయితే భాషా ప్రచారం, మత ప్రచారం, ఖాదీ ప్రచారం అని వినీ వినీ అలవాటు పడిన చెవికి మొదటి అర్థమే ముందు తడుతుంది. ‘కరపత్రాల ప్రచారం’ అన్నప్పుడు ఈ చిక్కు లేదు, ఎందుకంటే కరపత్రం కోసం కరపత్రాన్ని ఎవరూ పంచరు. సంగీతం సాధనమూ కాగలదు, సాధ్యమూ కాగలదు. అందుకే సమాసం విప్పి ‘సంగీతంతో ప్రచారం’ అనండి.

‘దుష్ప్రచారం’ అనే సలహాను మాత్రం అసలు ఒప్పుకోలేను. నేటి వాడుకలో దుష్ప్రచారం ఎప్పుడూ ఒకరి ‘మీద’ జరుగుతుంది. అందులో అబద్ధం ఉండాలి, దానివల్ల పేరు చెడే మనిషో వర్గమో ఉండాలి. యుద్ధంలో వినిపించిన సంగీతంలో చాలాసార్లు ఈ రెండూ కనిపించవు. 1941లో బీబీసీ ఐరోపా ప్రసారాల్లో బీథోవెన్ అయిదో సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసిన రచన) తొలి నాలుగు స్వరాలను సంకేతంగా వినిపించింది. మూడు పొట్టివి, ఒకటి పొడుగుది. మోర్స్ సంకేతాల్లో అది ‘వి’ అక్షరం, అంటే విక్టరీ. ఆ స్వరకర్త జర్మనీలోనే పుట్టినవాడు. ఇందులో ఎవరి మీద నింద పడింది?

సోవియట్ నగరం లెనిన్‌గ్రాడ్ సంగతి చూడండి. 1942 ఆగస్టు 9 నాటికి ఆ నగరం దాదాపు ఏడాదిగా జర్మన్ సేనల ముట్టడిలో ఉంది. రేడియో వాద్యబృందంలో బతికి ఉన్నవారు ఆకలితో చిక్కి శల్యమయ్యారు. తక్కువ పడిన వాద్యకారులను సైన్యం నుంచి తెచ్చుకుని, కార్ల్ ఎలియాస్‌బెర్గ్ నిర్వహణలో సోవియట్ స్వరకర్త షోస్తకోవిచ్ ఏడో సింఫనీని వాయించారు. కచేరీ సాగనివ్వడం కోసం సోవియట్ ఫిరంగులు ముందుగానే జర్మన్ ఫిరంగుల నోరు మూయించాయి. లౌడ్‌స్పీకర్ల ద్వారా ఆ సంగీతం నగరానికీ, ఎదుటి శిబిరాలకూ చేరింది. నగరం ఇంకా బతికే ఉందని చాటడమే దాని ఉద్దేశం. అది నిస్సందేహంగా ప్రచారమే, చాటింది మాత్రం నిజం. దాన్ని దుష్ప్రచారం అంటే నిలబడే ఓపిక లేకపోయినా వాయించిన ఆ మనుషులకు అన్యాయం చేసినట్టే.

అబద్ధంతో ఒక జాతిపై ద్వేషం నూరిపోసిన చోట ఆ మాటను నిస్సంకోచంగా వాడండి. 1933లో ఏర్పడిన జర్మన్ ప్రచార మంత్రిత్వ శాఖ యూదులపై సాగించినది దుష్ప్రచారమే. దాన్ని నడిపిన మంత్రి పేరు మీదే ‘గోబెల్స్ ప్రచారం’ మన పత్రికల్లో జాతీయంలా స్థిరపడింది. మిగిలిన సందర్భాలకు ‘యుద్ధ ప్రచారం’ చాలు.

‘మానసిక యుద్ధం’ విడిగా నిలబడితే ఒక మనిషిలోని సంఘర్షణ అనిపిస్తుంది. ‘మానసిక యుద్ధతంత్రం’ అనండి. తంత్రం అనగానే దాన్ని పన్నినవాడు ఎదుట నిలుస్తాడు.

మీరు అడగకపోయినా ఇంకొకటి చెప్పాలి. ‘సంగీతం సైనికులను మానసికంగా ప్రభావితం చేసింది’ అనే వాక్యాన్ని దయచేసి రాయకండి. అది ఏమీ చెప్పదు. 1941 నుంచి జర్మన్ల చేతిలో ఉన్న బెల్‌గ్రేడ్ రేడియో ప్రతి రాత్రి పది గంటలకు కాస్త ముందు ‘లిలీ మార్లేన్’ పాట వేసేది. ప్రియురాలికి దూరమైన సైనికుడి పాట అది. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జర్మన్లూ విన్నారు, ఎదుటి పక్షాన బ్రిటిష్ సైనికులూ విన్నారు. అది వాళ్లకు ఇంటి మీద బెంగ పుట్టించింది. 1989 డిసెంబరులో పనామాలో వాటికన్ దౌత్య కార్యాలయంలో తలదాచుకున్న ఆ దేశ సైనిక నియంత నోరియేగాను బయటికి రప్పించడానికి అమెరికా సైనికులు చెవులు చిల్లులు పడేలా రాక్ సంగీతం మోగించారు. అక్కడ సంగీతం చేసిన పని వేధించడం. బెంగ పుట్టించడం వేరు, వేధించడం వేరు. రెండింటికీ ‘ప్రభావితం’ అన్న ముసుగు వేస్తే పాఠకుడికి ఏదీ కనిపించదు.

భగవద్గీత మొదటి అధ్యాయంలో ఈ తేడా ఎంత తేటగా ఉందో గమనించండి. భీష్ముడు శంఖం ఊదినది దుర్యోధనుడికి హర్షం కలిగించడానికి. పాండవ పక్షం శంఖాల ఘోష ధార్తరాష్ట్రుల హృదయాలను చీల్చింది. రెండూ శంఖధ్వనులే అయినా, ప్రతిదానికీ దాని పనికి తగిన క్రియ పడింది.

శత్రువు రేడియో మాటలను ‘శల్యసారథ్యం’ అనడం కూడా కొన్ని వ్యాసాల్లో చూస్తుంటాం. అది పొరపాటు. శల్యుడు ఎదుటి సేనలోనుంచి మాట్లాడలేదు; కర్ణుడి రథం మీదే కూర్చుని, అతడి పగ్గాలు పట్టుకుని నీరుగార్చాడు. సొంత పక్షంలో ఉంటూ ధైర్యం చెడగొట్టేవారికే ఆ మాట నప్పుతుంది.