నీటి దారికి ఒక డెమ్, వాలుకి ఇంకొకటి

చి. తమ్ముడికి,

గండిపేట ఎగువన మూసీ పరీవాహకానికి రనాఫ్ (వాన పడ్డాక నేల మీద పారే నీరు), మట్టికోత లెక్కగట్టే పని నీ చేతికొచ్చిందని తెలిసి సంతోషించాను. మోడల్ సంగతి తర్వాత చూద్దువు, ముందు డెమ్ (నేల ఎత్తును గడిగడికీ అంకెగా చూపే పటం) చక్కగా తయారు చేసుకో.

ఎస్‌ఆర్‌టీఎం అంటే అంతరిక్ష నౌకలోని రాడార్ కొలిచిన డెమ్, అది 2000 ఫిబ్రవరి నాటిది, ఎత్తులు పూర్తి మీటర్లలోనే ఉంటాయి. చేవెళ్ల వైపు మెల్లటి నేలల్లో దానితో వాలు తీస్తే ఒక గడిలో సున్నా, పక్క గడిలో 1.7 శాతం వస్తుంది. అది నేల వాలు కాదు, పూర్తి మీటర్ల అంకె తెచ్చిన మెట్టు. ఐరోపా వారి కోపర్నికస్ 30 మీటర్ల డెమ్‌లో దశాంశాలుంటాయి, అదే తీసుకో. అయితే రెండింట్లోనూ చెట్ల ఎత్తు, ఇళ్ల ఎత్తు కలిసే ఉంటుంది.

మూసీ పుట్టే అనంతగిరి గుట్టలు 78 డిగ్రీల రేఖాంశానికి పడమర, అంటే యూటీఎం (భూమిని 6 డిగ్రీల పట్టీలుగా విడదీసి మీటర్లలో కొలిచే పద్ధతి) 43వ జోన్‌లో ఉన్నాయి. హైదరాబాద్ 44లో ఉంది. టైళ్లన్నీ (డెమ్ ముక్కలు) ముందు మొజాయిక్ చేసి, అంటే ఒకటిగా అతికి, మొత్తాన్ని ఒకేసారి ఈపీఎస్‌జీ 32644లోకి (అది 44వ జోన్ కోడ్) మార్చు. మార్చేటప్పుడు కొత్త గడి ఎత్తుకు బైలీనియర్ (చుట్టుపక్కల నాలుగు గడుల నుంచి దూరాన్ని బట్టి తీసే సగటు) పెట్టు. నియరెస్ట్ నైబర్ (దగ్గరి గడి విలువ యథాతథంగా) పెడితే చారలు పడతాయి, నీరు ఆ చారల వెంటే పోతుంది. నేల రకం, భూవినియోగం రాస్టర్లకు (గడుల పటాలకు) మాత్రం నియరెస్టే సరైనది. గడిని 5 మీటర్లకు తగ్గించకు, లేని వివరం పుట్టదు. పరీవాహకం హద్దుకు కనీసం కిలోమీటరు బయటిదాకా డెమ్ ఉంచుకో.

అసలు చిక్కు చెరువుల దగ్గర. ఫిల్ (పల్లాలను నీరు పొర్లే మట్టందాకా పూడ్చే పని) నడిపితే కట్ట వెనక పల్లమంతా నిండి, కట్టలో ఏ గడి అన్నిటికన్నా తక్కువుంటే అక్కడ పొర్లుతుంది. నిజంగా నీరు పొర్లేది అలుగు మీంచి కదా! 30 మీటర్ల గడిలో అలుగు కనబడదు. అందుకే ఉపగ్రహ చిత్రంలో అలుగు వెతికి, అక్కణ్నుంచి దిగువ వాగుదాకా గీత గీసి, ఆ గడుల ఎత్తు తగ్గించు. ఔటర్ రింగు రోడ్డు, రైలు కట్టల కింది కల్వర్టులకూ ఇదే పద్ధతి. ఫిల్ ఆ తర్వాతే. రాళ్ల క్వారీ గుంతలు నిజమైన పల్లాలు. బయటికి దారి లేనివాటిని పూడ్చకుండా సింకులుగా (నీరు ఆగిపోయే గుంతలుగా) వదిలెయ్.

ఇలా దిద్దిన డెమ్ ఫ్లో డైరెక్షన్‌కీ (నీరు ఏ గడికి పోతుందో), అక్యుములేషన్‌కీ (పైనుంచి ఎన్ని గడుల నీరు చేరుతుందో) మాత్రమే. దాని మీద వాలు తీశావో మట్టికోత లెక్క మొత్తం పాడవుతుంది. వాగును 5 మీటర్లు లోతు చేశావనుకో, సమంగా ఉన్న గట్టు గడికి కూడా 8 శాతం వాలు వస్తుంది. ఎల్‌ఎస్ (వాలు పొడవు, తీవ్రత కలిపిన కోత గుణకం) విలువ ఎగిరిపోయి, పటంలో వాగు పొడవునా లేని కోత ఎర్రగా కనిపిస్తుంది. ఫిల్ చేసిన చోట్ల వాలు సున్నా అయి, ఉన్న కోత మాయమవుతుంది. కాబట్టి వాలు దిద్దని డెమ్ నుంచి తియ్, గరుకుగా ఉంటే 3×3 సగటు (గడికీ చుట్టూ ఉన్న ఎనిమిదింటికీ కలిపి) ఒక్కసారి నడుపు, అంతకు మించి వద్దు. నీళ్లున్న గడులను కోత లెక్కలోంచి తీసెయ్.

వాగులు గీయడానికి ఒక చదరపు కిలోమీటరు, అంటే సుమారు 1,111 గడుల నీరు చేరే హద్దుతో మొదలుపెట్టి టోపోషీటు (సర్వే పటం) మీద పరిచి చూడు. వాగు తప్పిన చోట కల్వర్టో అలుగో నీ కన్నుగప్పి ఉంటుంది. బండి తీసుకెళ్లి చూసొచ్చి, ఆ గడి సరిచేసి, ఫ్లో డైరెక్షన్ మళ్లీ మొదట్నుంచి నడుపు.

మీ అన్నయ్య