డెలావేర్ నదిలో కయాక్ మీంచి షాడ్ చేప పట్టాలంటే ఏ రంగు ఎర కొనాలి, ఎక్కడికి వెళ్ళాలి?

అడిగింది క్లుప్తంగా: న్యూజెర్సీలో ఉంటున్నారు. వసంతంలో డెలావేర్ నదికి వచ్చే షాడ్ మన పులసకి చుట్టమని విన్నారు. తెడ్డుతో నడిపే పదడుగుల సిట్-ఆన్-టాప్ కయాక్ (పైన కూర్చునే సన్నటి చిన్న పడవ) ఉంది. చెరువుల్లో బాస్ చేప పట్టిన అలవాటుంది, నదిలో లేదు.

చుట్టమేనండీ. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మంచినీళ్ళలోకి ఎదురీదే చేపే ఇదీను. వెండి పొలుసులు, పొట్ట కింద రంపంలాంటి అంచు, తినేవాడి ఓపికని పరీక్షించే ముళ్ళు, అన్నీ అవే. తేడా రాకలో ఉంది. పులస ఎర్రనీళ్ళతో జూలై నుంచి సెప్టెంబరు దాకా వస్తుంది. షాడ్ వరద కోసం చూడదు, నీళ్ళు వేడెక్కడం కోసం చూస్తుంది. ఇంకోటి, గోదారికి ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట ఉంది. డెలావేర్ ప్రధాన నదికి అడ్డంగా ఒక్కటీ లేదు. అందుకే ట్రెంటన్ నుంచి హాన్‌కాక్ దాకా దాదాపు 200 మైళ్ళు చేప పైకి పోతూనే ఉంటుంది. "ఎక్కడికి వెళ్ళాలి" అన్నదానికి ఒక్క ఊరి పేరు చెప్పలేం, అది వారాన్ని బట్టి మారుతుంది.

పులసని వలతో పడతారు కదా, ఇది గాలానికి ఎలా పడుతుంది? షాడ్ సముద్రంలో నీళ్ళు వడగట్టి సన్నటి జీవుల్ని తినే చేప. నదిలోకొచ్చాక దాదాపు ఏమీ తినదు. మూతి ముందుకి ఏదైనా తళుక్కుమంటూ వస్తే చిరాకుతోనో, పాత అలవాటుతోనో కొరుకుతుంది. అంతేగాని ఎర కోసం రెండడుగులు పైకో కిందకో రాదు. ఎరని దాని దారిలో, దాని లోతులో మీరే నిలబెట్టాలి. రంగు ఆఖరి సంగతి. నా లెక్కలో పదిలో తొమ్మిది పాళ్ళు పడవ ఎక్కడ ఆగింది, ఎర ఎంత లోతున ఉంది అన్నదే.

ముందు నీళ్ళు చూడండి. అమెరికా ప్రభుత్వ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్ వాళ్ళ కొలతలు ట్రెంటన్, రీగల్స్‌విల్, మాంటేగ్ దగ్గర ఎప్పటికప్పుడు ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి. నీటి వేడి 50 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే చేప కదులుతుంది, 55 నుంచి 65 మధ్య బాగా కొరుకుతుంది. లాంబర్ట్‌విల్, ఫ్రెంచ్‌టౌన్ వైపు మామూలుగా ఏప్రిల్ మధ్య నుంచి మే మొదటి వారం దాకా. డెలావేర్ వాటర్ గ్యాప్, స్మిత్‌ఫీల్డ్ బీచ్, డింగ్‌మన్స్ ఫెర్రీ దగ్గర ఇంకాస్త ఆలస్యంగా, మే అంతా. చల్లటి వాన పడి నీటి వేడి మూడు నాలుగు డిగ్రీలు పడిపోతే చేప అక్కడే ఉన్నా నోరు తెరవదు.

ప్రవాహం సంగతి. అమెరికా వాళ్ళు సీఎఫ్‌ఎస్ అనేది మన క్యూసెక్కే. ధవళేశ్వరంలో లక్షలు విన్న చెవులకి 15 వేలంటే నవ్వొస్తుంది గానీ, ఇక్కడ నది సన్నం, అడుగంతా రాళ్ళు. ట్రెంటన్ కొలత 12 వేల లోపుంటే కొత్తవాళ్ళు దిగొచ్చు. 15 వేలు దాటితే కయాక్ ఇంట్లోనే ఉంచండి. తెడ్డు నీళ్ళలో ముంచి చూడండి: రెండడుగుల లోతున రెక్క కనిపించకపోతే నీళ్ళు బురదగా ఉన్నట్టే. మూడు నాలుగు రోజులు ఆగితే తేరుకుంటాయి.

నదిలో చేప దారి కనిపెట్టడం పెద్ద విద్యేం కాదు. షాడ్ అడ్డదారులు తొక్కదు. లోతు కాలవ అంచు పట్టుకుని, వడి నీళ్ళూ నెమ్మది నీళ్ళూ కలిసే గీత వెంట పోతుంది. రాళ్ళ మీద నీళ్ళు తెల్లగా విరిగే చోటికి ముందు, కింది మడుగులో గుమిగూడి ఆగుతుంది. ఆ మడుగు పైకొసన, ఆరు నుంచి పదడుగుల లోతున్న అంచే మీ చోటు. పొద్దున్నే, సాయంత్రం నాలుగైదు అడుగుల నీళ్ళలోకీ వస్తుంది. ఎండెక్కితే నడి కాలవలోకి దిగిపోతుంది. ఒక చోట ముప్పావు గంట కూర్చున్నా తట్టకపోతే ముందు లోతు మార్చండి, తర్వాత ఇరవై అడుగులు పక్కకి జరగండి. డబ్బాలో రంగులు వెతకడం ఆ తర్వాత.

ఇక లంగరు. మీరు అడగలేదు గానీ అసలు చదవాల్సింది ఇదే.

చెరువులో పక్కన లంగరు కట్టినా ఏమీ కాదు. పారే నీళ్ళలో కయాక్ పక్కకి తాడు కట్టారంటే పైనుంచొచ్చే నీళ్ళు ఆ అంచు మీద పేరుకుని, దాన్ని కిందకి నొక్కి, రెండు సెకన్లలో బోర్లా వేస్తాయి. తాడు ముక్కు కొసనో వెనక కొసనో ఉండాలి, మధ్యలో ఎప్పుడూ కాదు. దానికి యాంకర్ ట్రాలీ బిగించుకోండి: ముందొక చిన్న కప్పీ, వెనకొక కప్పీ, వాటి మధ్య తిరిగే సన్నతాడు, దానికొక రింగు. కూర్చున్నచోట నుంచే రింగుని కొసకి లాగి పంపొచ్చు. వడి తక్కువైతే వెనక కొసన కట్టుకుంటే మీరు వాలు వైపు తిరిగి ఉంటారు, లైన్లన్నీ కళ్ళముందే. వడి ఎక్కువైతే వెనక సామాను బరువుకి నీళ్ళు పైకెక్కుతాయి, అప్పుడు ముక్కు దగ్గరే. ఒక పరీక్ష చెబుతాను. లంగరు వేయబోయే చోట ఒడ్డున చెట్టొకటి గుర్తుపెట్టుకుని, తెడ్డేస్తూ దానికెదురుగా అయిదు నిమిషాలు కయాక్‌ని కదలకుండా నిలిపి చూడండి. నిలదొక్కుకోలేకపోతే అక్కడ వేయొద్దు.

మూడున్నర పౌన్ల మడిచే లంగరు, మూడడుగుల గొలుసు, పావంగుళం తాడు 75 అడుగులు. లోతుకి ఆరేడు రెట్లు తాడు వదలాలి, ఎనిమిదడుగుల నీళ్ళలో 50 అడుగుల పైమాటే. తక్కువ వదిలితే లంగరు పట్టకుండా జారుతుంది, లేదా కయాక్ కొసని కిందకి గుంజుతుంది. గొలుసుని లంగరు పైకన్నానికి కట్టొద్దు. అడుగున కొక్కేల దగ్గర బిగించి, కాడ వెంట పైకి తెచ్చి, పైకన్నం దగ్గర ప్లాస్టిక్ జిప్ టై ఒక్కటి వేయండి. రాళ్ళలో ఇరుక్కుంటే గట్టిగా గుంజినప్పుడు టై తెగి లంగరు వెనక్కి ఊడొస్తుంది. ఇది చేయని వాళ్ళ లంగర్లు ఆ నది అడుగున చాలా ఉన్నాయి.

తాడు రెండో కొసకి బెండు కట్టి, కయాక్‌కి ఒక్క లాగుతో ఊడే క్లిప్పుతో తగిలించండి. వసంతంలో చెట్ల మొద్దులు కొట్టుకొస్తాయి. మొద్దు తాడుకి చిక్కుకుంటే ముడి విప్పే టైముండదు. క్లిప్ వదిలేస్తే బెండు అక్కడే తేలుతుంది, తర్వాత వచ్చి తగిలించుకోవచ్చు. పెద్ద చేప పడినా ఇదే పని: వదిలేసి దానితోపాటు కిందకి జారండి. లైఫ్ జాకెట్ ఛాతీ మీద చిన్న కత్తి పెట్టుకోండి, తాడు ఎటు తిరిగి కాలికి చుట్టుకున్నా చేతికందేలా.

లంగరంటే భయమేస్తే వేయకండి. వంతెన స్తంభం వెనకో పెద్ద బండ వెనకో నీళ్ళు నెమ్మదించే చోట ఆగి, వడి అంచులోకి విసిరినా పడతాయి. ఎక్కువ నేర్పేది కూడా అదే.

కర్ర ఆరున్నర ఏడడుగులది, మీడియం లైట్, కొస మెత్తగా ఉండాలి. 2500 సైజు రీలు, పది పౌన్ల బ్రెయిడ్ (అల్లిన లైను), కొసన లీడర్‌గా ఆరెనిమిది పౌన్ల ఫ్లోరోకార్బన్ లైను నాలుగైదు అడుగులు. లంగరు మీద కూర్చుంటే ఫ్లటర్ స్పూన్, అంటే నీళ్ళలో ఊగే పల్చటి రేకు ఎర, మేలు. అది రేకంత తేలిక, తనంతట మునగదు. బ్రెయిడ్‌కి అరౌన్సు నుంచి ఔన్సు దాకా సీసం, కింద మంచి స్వివెల్ (లైను మెలిక పడకుండా తిరిగే కీలు), ఆ తర్వాత లీడర్, స్పూన్. స్వివెల్ లేకపోతే గంటలో లైను మెలికలు పడి జుట్టుముడి అయిపోతుంది. వదిలే ముందు కయాక్ పక్కన నీళ్ళలో పట్టుకుని చూడండి. స్పూన్ అటూ ఇటూ ఊగాలి, గిరగిరా తిరిగితే అక్కడ వడి ఎక్కువని అర్థం. నలభై, యాభై అడుగులు వెనక్కి వదిలి, సీసం ఎప్పుడో ఒకసారి అడుగు తాకేంత బరువు పెట్టండి. అస్తమానూ తగిలితే బరువెక్కువ, అసలు తగలకపోతే ఎర చేప నెత్తి మీంచి పోతోంది.

విసరాలంటే డార్ట్, అంటే సీసం తలున్న చిన్న ఎర. పావౌన్సుది ఒకటి, దాని వెనక అడుగున్నర దూరంలో చిన్న స్పూనో, ఔన్సులో పదహారో వంతు డార్టో. కొంచెం ఎగువకి అడ్డంగా విసిరి, లైను బిగువుగా ఉంచి, నీళ్ళే దాన్ని చుట్టు తిప్పేలా వదలండి. తిరగడం అయిపోయి లైను వాలుకి తిన్నగా వచ్చినప్పుడు అయిదు సెకన్లు ఊరికే ఉండండి. చాలాసార్లు అక్కడే తగులుతుంది. చెరువు అలవాటున్నవాళ్ళు సరిగ్గా అప్పుడే చుట్టేస్తారు. రంగంటారా, పచ్చటి చార్ట్రూస్ ఒకటి, ఎరుపు-తెలుపు ఒకటి, వెండిది ఒకటి. చాలు.

తగలగానే బాస్‌ని లాగినట్టు లాగొద్దు. షాడ్ నోరు కాగితంలా చిరుగుతుంది. డ్రాగ్ (చేప లాగితే లైను వదిలే రీలు బిగువు) పౌనున్నరకి మించకూడదు. కర్ర ఎత్తి బిగువు పెడితే చాలు, గాలం తనే దిగుతుంది. చేప ఒళ్ళు వెడల్పు కాబట్టి ప్రవాహానికి అడ్డం తిరిగితే రెట్టింపు బరువు తూగుతుంది. దాన్ని ఎదురు గుంజితే నోరు చిరిగి పోతుంది. క్లిప్ వదిలి దాని పక్కకే జారి, నెమ్మది నీళ్ళలోకి తెచ్చి, రబ్బరు జాలీ ఉన్న పొడుగు పిడి వలతో వాలు వైపు నుంచే ఎత్తండి. ఎగువ వైపు వంగకూడదు, కారణం పైన చెప్పిందే. వదిలేసే చేపని నీళ్ళలోంచి తీయకుండానే గాలం ఊడదీయండి. పొలుసులు ఇట్టే రాలతాయి, గాల్లో అర నిమిషం ఉంచినా కష్టమే. గాలం ముల్లు ముందే నొక్కేసుంటే పని సులువు.

గాలి 75 డిగ్రీలున్నా నీళ్ళు 52 ఉండొచ్చు. పడితే మొదటి నిమిషంలో ఊపిరందదు, పది నిమిషాల్లో వేళ్ళు పనిచేయవు. వెట్‌సూటో డ్రైసూటో నీళ్ళని బట్టి వేసుకోవాలి, ఎండని బట్టి కాదు. పెన్సిల్వేనియాలో నవంబరు 1 నుంచి ఏప్రిల్ 30 దాకా కయాక్‌లో లైఫ్ జాకెట్ ఒంటి మీద ఉండటం చట్టమే. వాళ్ళ ఫిష్ అండ్ బోట్ కమిషన్ రేవుల్లో దించాలంటే కయాక్‌కి కూడా పర్మిట్ ఉండాలి. లాంబర్ట్‌విల్ కిందా, బుల్స్ ఐలాండ్ దగ్గరా రెండు ఒడ్డుల నుంచి నదిలోకి చొచ్చుకొచ్చే వింగ్ డ్యాములున్నాయి. నది మధ్యన సందు వదిలి ఉంటుంది, నీళ్ళన్నీ అందులోకే దూకుతాయి. వాటికి పైన లంగరు వేయడమంటే తాడు తెగితే ఏమవుతుందో ముందే ఒప్పుకోవడం. కిందనే ఉండండి. పెద్ద బోట్లు వరసగా లంగరేసి ఉంటే వాటి వెనక నుంచి పోవద్దు, ఎరలు చాలా దూరం వెనక్కి వదిలి ఉంటారు.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియాల మధ్య పారే నది మీద న్యూజెర్సీ లైసెన్సే చాలు, ఉపనదుల్లోకి వెళితే చాలదు. రోజుకి ఇన్ని షాడ్లే అని పరిమితి ఉంది, ఉపనది లీహైలో పడితే అన్నీ వదిలేయాల్సిందే. ఆ ఏటి నిబంధనల పుస్తకం ఒకసారి చూసుకోండి. పది పన్నెండు అంగుళాల వెండి చేపలు పడితే షాడ్ పిల్లలనుకుని ఉంచుకునేరు, అవి రివర్ హెర్రింగ్ అయ్యుంటాయి, వాటిని ఉంచుకోవడం నిషిద్ధం.

ఇంటికి తెచ్చుకునేదైతే తాడుకి గుచ్చి నీళ్ళలో వేలాడదీయొద్దు, ఆ బరువు కయాక్‌ని పక్కకి లాగుతుంది. పట్టగానే మొప్ప కోసి నెత్తురు కార్చి, ఐసు సంచిలో పెట్టండి. ఆడచేపైతే జన సంచి చిరగకుండా పొట్ట పైపైనే కోయాలి. ముక్కలు పులుసులో సన్నటి సెగ మీద ఎక్కువసేపు ఉడికితే చిన్న ముళ్ళు కొంత మెత్తబడతాయి. పులసలాగే దీని పులుసూ మర్నాటికే రుచి, కాకపోతే పుస్తెలమ్మే పని లేదు.