ఈత రాదని స్నార్కెలింగ్ మానుకోవద్దు, గిలి ట్రావంగాన్‌కి వెళ్ళండి

బాలీ ట్రిప్‌లో మూడు రోజులు ఏదైనా చిన్న దీవిలో గడపాలి, మీకు స్నార్కెలింగ్ (మాస్కు, గాలి గొట్టం పెట్టుకుని తేలుతూ నీటి అడుగు చూడటం), ఫ్రెండ్స్‌కి రాత్రి సందడి కావాలి, మీకేమో ఈత రాదు. ఇంతే కదండీ? బాలీ పక్కనున్న లాంబాక్ దగ్గరి చిన్న దీవి గిలి ట్రావంగాన్‌కి ఓటేస్తాను. బాలీలోని పడంగ్ బాయి రేవు నుంచి ఫాస్ట్ బోట్లు ఉన్నాయి. దీవిలో పెట్రోలు బండ్లు తిరగవు, ఎక్కువగా సైకిళ్ళు, గుర్రబ్బండ్లే. బార్లలో చాలావరకు, నైట్ మార్కెట్ కూడా తూర్పు ఒడ్డునే. నిద్ర ముఖ్యమైతే గది పడమటి వైపు తీసుకోండి.

ఈత గురించి టెన్షన్ వద్దు. మూడు గిలి దీవులూ తిప్పే షేరింగ్ బోట్ ఎక్కి, లైఫ్ జాకెట్ అడిగి తీసుకోండి. అంతకుముందు మోకాలి లోతు నీళ్ళలో మాస్కు పెట్టుకుని, ముక్కు సంగతి మర్చిపోయి నోటితో గాలి పీల్చడం అలవాటు చేసుకోండి. మీసం ఒత్తుగా ఉంటే అక్కడి నుంచే మాస్కులోకి నీళ్ళు కారతాయి, కాస్త కత్తిరించుకోండి. పక్క దీవి గిలి మెనో దగ్గర నీటి అడుగున 48 మనిషి బొమ్మలు వలయంగా ఉంటాయి, పైన తేలుతూనే చూడొచ్చు. తాబేళ్ళు కనిపిస్తే వెంటపడకండి, ముట్టుకోకండి. దీవుల మధ్య ప్రవాహం గట్టిది, ఒడ్డు నుంచి ఒంటరిగా అస్సలు దిగొద్దు.

మీ ఫ్రెండ్స్‌కి ఒక మాట: చౌకగా దొరికే అరక్ (అక్కడి నాటు సారా) కాక్‌టెయిల్స్ జోలికి పోవద్దని చెప్పండి. కల్తీలో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసి ఇండోనేషియాలో ప్రాణాలు పోయాయి. సీల్ తీయని బీరు నయం. మత్తెక్కించే పుట్టగొడుగుల షేకులు బాహాటంగా అమ్మినా అవి అక్కడ నేరమే.