పెద్ద ఓడలుండగా ఫ్రిగేట్ దేనికి?

జవాబులు: నౌకాదళంలో సోనార్ (శబ్దంతో నీటి అడుగున వెతికే పరికరం) మీద పనిచేసి రిటైరై, సైనిక్‌పురిలో స్థిరపడిన మా శీర్షిక నిర్వాహకులు

ప్రశ్న: విశాఖలో ఒకేరోజు హిమ్‌గిరి, ఉదయగిరి అనే రెండు ఫ్రిగేట్ రకం యుద్ధనౌకలను నౌకాదళంలో చేర్చారని చదివాను. విమానవాహక నౌకలు, డిస్ట్రాయర్ల లాంటి పెద్ద యుద్ధనౌకలు ఉన్నాయి కదా, మళ్లీ ఇవెందుకు? బీటెక్ చివరి ఏడాదిలో ఉన్న మావాడు నేవీకి వెళ్తానంటున్నాడు, అందుకని అడుగుతున్నా.
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అవునమ్మా, 2025 ఆగస్టు 26న చేర్చారు. సైజును బట్టి తేడా చెప్పే రోజులు పోయాయి. మన డిస్ట్రాయర్ ఐఎన్ఎస్ విశాఖపట్నం సుమారు 7,400 టన్నులు. ఈ కొత్త ఫ్రిగేట్లూ 6,600 దాటాయి. బ్రహ్మోస్ క్షిపణులు దాంట్లో 16, వీటిలో 8. జర్మనీ వాళ్లయితే 7,000 టన్నులు దాటిన ఓడనూ ఫ్రిగేట్ అనే అంటున్నారు.

పని చూడండి. విమానవాహక నౌక ఎప్పుడూ ఒంటరిగా వెళ్లదు, చుట్టూ కాపలా ఉండాల్సిందే. సరుకు ఓడలకు తోడు వెళ్లాలి, దూరదేశాల్లో మనవాళ్లు చిక్కుకుంటే తీసుకురావాలి. 2008లో సోమాలియా సముద్రపు దొంగల బెడద ముదిరినప్పుడు గల్ఫ్ ఆఫ్ ఏడెన్‌కు మనం మొదట పంపిన ఐఎన్ఎస్ తబర్ ఫ్రిగేటే. 2015లో యెమెన్ నుంచి మనవాళ్లను తెచ్చిన వాటిలో ఒకటైన తర్కష్ కూడా అంతే.

కానీ నన్నడిగితే ఫ్రిగేట్ అసలు పని సబ్‌మెరైన్‌ను పట్టుకోవడం. టీవీలో క్షిపణి ఎగరడమే చూపిస్తారు, హెడ్‌ఫోన్లు పెట్టుకుని గంటల తరబడి కూర్చునేవాణ్ణి ఎవరు చూపిస్తారు! ఓడ ముందు భాగంలో, నీటి అడుగున ఉండే సోనార్ ‘పింగ్’ అని శబ్దం పంపుతుంది. అది దేనికైనా తగిలి తిరిగొస్తే స్క్రీన్ మీద చుక్క పడుతుంది. అది సబ్‌మెరైనా, చేపల గుంపా, ఎప్పుడో మునిగిన పడవా? టెన్షనంతా అక్కడే. పైగా మధ్యాహ్నం ఎండకు పైనీళ్లు వేడెక్కితే శబ్దం తిన్నగా పోకుండా కింద ఉన్న చల్లటి నీళ్ల వైపు వంగిపోతుంది. పొద్దున బాగా విన్న సోనారే మధ్యాహ్నానికి చెవిటిదైపోతుంది. తెలివైన సబ్‌మెరైన్ కెప్టెన్ ఆ వేడి పొర కిందే నక్కుతాడు. అందుకే ఫ్రిగేట్ వెనక హెలికాప్టర్ డెక్ ఉంటుంది. హెలికాప్టర్ దూరంగా వెళ్లి, గాల్లో నిలబడి, కేబుల్‌కు కట్టిన సోనార్‌ను ఆ పొర దాటేదాకా నీళ్లలోకి దించుతుంది.

ఇందులో వెనకబడితే ఏమవుతుందో 1971 డిసెంబరు 9న తెలిసింది. డయ్యూ తీరానికి దూరంగా మన ఫ్రిగేట్ ఖుక్రీని పాకిస్తాన్ సబ్‌మెరైన్ హాంగోర్ టార్పెడోతో (నీళ్లలో దూసుకొచ్చి ఓడను పేల్చే ఆయుధం) ముంచేసింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లాతో కలిపి 194 మంది పోయారు. వేట కోసం వెళ్లిన ఓడే వేటకు బలైంది. మా తరం సోనార్ వాళ్లలో ఆ పేరు తెలియనివాడు లేడు.

మీవాడి సంగతి: త్రివిధ దళాల్లో అధికారుల ఎంపికకు పెట్టే సీడీఎస్ పరీక్ష ద్వారా కేరళలోని ఎళిమల నావల్ అకాడమీకి వెళ్లాలంటే ఇంజినీరింగ్ డిగ్రీ కావాలి, అది చేతికొస్తోంది కాబట్టి దిగులు లేదు. సముద్రం పడుతుందా లేదా అన్నది ఓడెక్కితేగానీ తెలియదు. వాంతులు చాలామందికి అవుతాయి, కంగారు పడకండి.

ప్రశ్న: సముద్రమే లేని హైదరాబాద్‌కు ఈ ఓడలతో ఏం సంబంధం సార్?
– ఒక విద్యార్థి, కూకట్‌పల్లి

జవాబు: కంచన్‌బాగ్ మీదుగా ఎప్పుడైనా వెళ్లావా బాబూ? క్షిపణులను రూపొందించే రక్షణ పరిశోధనశాల డీఆర్‌డీఎల్, వాటిని తయారుచేసే ప్రభుత్వ సంస్థ బీడీఎల్ అక్కడే ఉన్నాయి. మీదికొచ్చే విమానాన్ని, క్షిపణిని గాల్లోనే కొట్టడానికి ఈ ఫ్రిగేట్లలో పెట్టిన మధ్యశ్రేణి క్షిపణిని ఇజ్రాయెల్‌తో కలిసి రూపొందించిన పనిలో డీఆర్‌డీఎల్ ఉంది, తయారీ బీడీఎల్‌ది. బ్రహ్మోస్‌కూ హైదరాబాద్‌లో కేంద్రం ఉంది. టార్పెడోలు మాత్రం మన హైదరాబాద్‌వి కావు, ఆ ఘనత విశాఖకే వదిలెయ్యాలి.